తారీఖు కాగితం మీద పనుల చీటీ

మా ఇంట్లో పనుల చీటీ రాయడం మొదలుపెట్టింది నేనే. ఈ గొప్ప ఎవరికీ పంచి ఇవ్వను. ఇప్పుడు మా కోడలు ఫ్రిజ్ తలుపు మీద పచ్చ కాగితాలు అంటించి, "అత్తమ్మా, ఇట్ల రాసుకుంటే ఏదీ మర్చిపోం" అని నాకు కొత్తగా నేర్పిస్తుంటే నవ్వి ఊరుకుంటాను. ఊరుకోవడం కూడా ఈ వయసులోనే అబ్బింది. పన్నెండో ఏట అయితే ఆ కాగితం పీకేసి, చీటీ ఎలా రాయాలో రాసి చూపించి ఉండేదాన్ని.

అవి యాభైల చివరి సంవత్సరాలు. వరంగల్‌లో మండీకి పోయే బజారు మీద మా బాపుకు కిరాణా దుకాణం ఉండేది. దాని వెనక సందులో మా ఇల్లు. బాపు ఇంట్లోకి వస్తే కళ్లు మూసుకుని కూడా చెప్పగలిగేదాన్ని, ఆయన ధోవతికి ఎండుమిరపకాయల ఘాటూ బెల్లం వాసనా అంతగా పట్టి ఉండేవి. ఇంట్లో బాపు, అమ్మ, నేను, ఇంకా నడక రాని చెల్లెలు, మా నాయినమ్మ. దుకాణంలో పనిచేసే ఇద్దరు కూడా మధ్యాహ్నం మా ఇంట్లోనే తినేవారు.

నాయినమ్మ మాట అంటే మాటే. ఆమెకు అప్పటికి అరవై దాటాయి. మోకాళ్లు పట్టేయడంతో నులక మంచం, వీధి అరుగు, వంటింటి గడప, ఈ మూడు చోట్ల నుంచే ఇల్లంతా నడిపేది. నడిపేది ఆమె, నడిచేది మా అమ్మ. వాళ్లిద్దరూ పోట్లాడుకోగా నేను చూడలేదు. నవ్వుకోగా కూడా చూడలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మకు కామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు పచ్చగా అయిపోయి, బిందె ఎత్తబోయి అలాగే కూలబడింది. దవాఖానలో డాక్టరు రెండు నెలలు పని చేయకూడదన్నాడు. నాయినమ్మ పసరు తాగాలంది. అమ్మ ఇక్కడ ఉంటే పడుకోదని బాపుకూ నాయినమ్మకూ తెలుసు కాబట్టి, పుట్టింటికి పంపాలని నిర్ణయించారు. వర్ధన్నపేట దాటాక రెండు మైళ్ల దూరంలో మా మేనమామ ఊరు. చెల్లెల్ని చంకన వేసుకుని బయలుదేరుతూ అమ్మ ఒకే ఒక మాట అడిగింది.

"అత్తమ్మా, పిల్ల బడి మాత్రం మాన్పియ్యకుండ్రి."

"ఇల్లు నడిస్తే బడి నడుస్తది. ఇల్లు ఆగితే బడి బంద్" అంది నాయినమ్మ. "నేనేం జెయ్యాలె? నా మోకాళ్లు సూస్తలేవా?"

బాపు అవునని గానీ కాదని గానీ అనకుండా బస్సుకు టైమవుతోందన్నాడు. ఆ ఇంట్లో నా చదువు పట్టుదలగా కోరుకున్నది అమ్మ ఒక్కతే. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను పుస్తకం పట్టుకుని గట్టిగా చదువుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని, అర్థమైనా కాకపోయినా తల ఊపుతూ వినేది. ఆమె బస్సెక్కి పోయాక ఆ ఇంట్లో నా వైపు మనిషి లేకుండా పోయిందని నాకు బాగా తెలిసింది, ఏడ్చాను కూడా.

మొదటి వారం నా తల ప్రాణం తోకకొచ్చింది. నల్లా నీళ్లు పొద్దున్నే ఒక గంట మాత్రమే వచ్చేవి. పాలు పొంగుతున్నాయని పొయ్యి దగ్గరికి పరుగెత్తి, బిందెలు పెట్టడం మరిచిపోయాను. మరునాడు బిందెలు పెట్టానే గానీ పప్పులో చింతపండు వేయలేదు. దుకాణం నుంచి తినడానికి వచ్చిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మంచినీళ్లు తాగి లేచిపోయారు. మూడో రోజు బడి నుంచి వచ్చి ఆటలో పడి, సాయంత్రం దీపం పెట్టలేదు. నాయినమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇంకొక్కపారి తప్పితే పుస్తకాల సంచి అటక మీదికి పోతది, జర యాదికుంచుకో" అంది.

యాదికి ఉంచుకోవడమే నాకు చేతకానిది. ఆ మరునాడు పప్పు తెచ్చుకుందామని దుకాణానికి వెళ్లాను. ఒక రైతు కూతురి పెళ్లి సామాను చీటీ తెచ్చాడు. బాపు ఒక్కో సరుకూ చదువుతున్నాడు, పనివాళ్లు పొట్లం కడుతున్నారు, కట్టిన దాని మీద బాపు పెన్సిలుతో గీత కొడుతున్నాడు. జీలకర్ర దగ్గర నుంచి కర్పూరం దాకా ఒక్కటి కూడా తప్పలేదు. మా బాపుకు జ్ఞాపకశక్తి ఎక్కువని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆయనకు ఉన్నది చీటీ.

ఇంటికి వచ్చి గోడ మీది క్యాలెండరు చూశాను. రోజుకొక కాగితం చింపే రకం అది, దుకాణానికి సరుకు వేసే వాళ్లు ఏటా ఇచ్చేవారు. ముందు పెద్ద అంకె, వెనక అంతా తెల్లగా ఖాళీ. ఆ వెనక వైపు మరునాటి పనులు రాశాను. నా మొదటి చీటీ చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. 'వంట చేయాలి. ఇల్లు చూసుకోవాలి. నాయినమ్మకు కోపం రాకుండా ఉండాలి.' ఇందులో ఏ ఒక్కటీ సాయంత్రానికి పూర్తయ్యే పని కాదు. రెండు మూడు రోజులు దెబ్బ తిన్నాక గానీ పనిని ముక్కలు చేసి రాయడం తెలియలేదు. నల్లాకు నాలుగు బిందెలు పెట్టాలి. బియ్యం ఏరాలి. చింతపండు నానేయాలి. నాయినమ్మ మోకాళ్లకు నూనె కాచి ఇవ్వాలి. దీపం గ్లాసు తుడవాలి. ఇలా రాస్తే పనికి కాళ్లూ చేతులూ వచ్చేవి. అప్పుడప్పుడు 'నిద్ర లేవాలి' అని కూడా రాసుకునేదాన్ని, పొద్దున్నే ఒక పని అయిపోయిందన్న సంతోషం కోసం.

అయిన పని మీద బాపులాగే గీత కొట్టాను. నాయినమ్మ చూసింది.

"ఏందది గీత కొడ్తానవ్?"

"దీపం పెట్టుడు అయిపోయింది నాయినమ్మా, అందుకే."

"దీపం అని రాసి దాని మీద గీత కొడ్తవా? బియ్యం మీద గీత కొడ్తవా? దుకాణంల మీ బాపు ఏమన్న జేసుకోని. ఇంట్ల ఆ సోకులు నడ్వయి."

చదువు రాదు గానీ ఏ కాగితం మీద ఏం రాశానో అడిగి మరీ తెలుసుకునేది మహాతల్లి. సరే, గీత వద్దన్నది కదా అని ఇంకో ఉపాయం ఆలోచించాను. బస్సులో కండక్టరు టికెట్టు కొసను చించి ఇస్తాడు కదా, అలాగే ఒక పని అయిపోగానే దాని పక్కన కాగితం అంచును కొద్దిగా చింపేదాన్ని. సాయంత్రానికి ఆ కాగితం చుట్టూ ఎలుక కొరికినట్టు అయ్యేది. అంచంతా చిరిగితే ఆ రోజు గట్టెక్కినట్టు. చిరుగులు లెక్కపెట్టుకుని హాయిగా పుస్తకాలు తీసేదాన్ని. రోజూ చింపి పారేసే కాగితమే కాబట్టి నాయినమ్మకు దీని మీద అభ్యంతరం తోచలేదు.

ఇల్లు నడిచింది. ఇది గొప్పకు చెప్పడం లేదు, నిజంగానే నడిచింది. నాయినమ్మ వంటింటి గడప మీద కూర్చుని తప్పు కోసం వెతికేది. "పచ్చడి జాడీ మీద గుడ్డ మార్చినవా?" అనేది. "మార్చిన" అనేదాన్ని. "నా చెంబు తోమినవా?" "తోమిన." ఇక అడగడానికేమీ లేక తన కొంగుతో మొహం తుడుచుకునేది. ఆమెను అలా ఓడించడం నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. బడిలో లెక్కలన్నీ సరిగ్గా చేసినప్పుడు కూడా అంత సంతోషం లేదు.

నెల దాటింది. అమ్మ దగ్గర నుంచి నోటి మాటగా కబుర్లు వచ్చేవి. మామయ్య ఊరి రైతు ఒకాయన మిరపకాయలు అమ్మడానికి బండి కట్టుకుని వచ్చి, పోతూ మా దుకాణంలో సామాను తీసుకునేవాడు. ఆయన ఒకసారి నాతో, "మీ అమ్మకు పసుపు దిగింది గని ఫికర్ దిగుతలేదు. నా బిడ్డ బడికి పోతాందో లేదో అని ఒకటే అడుగుతాంది" అన్నాడు.

పోతున్నానని చెప్పమంటే ఆయన మరిచిపోవచ్చు, లేదా అమ్మ నమ్మకపోవచ్చు. రుజువు పంపాలనిపించింది. నా దగ్గర దాచుకున్న కాగితాల్లో అన్నిటికన్నా మంచిది వెతికాను. పదహారు పనులు, పదహారు చిరుగులు, చివరిది 'బడి లెక్కలు చేయాలి'. అమ్మ చదవలేదు, కానీ ఆ ఊరి బడి పంతులు చదివి చెబుతాడు. ఆ కాగితాన్ని మడిచి, అమ్మ కోసం కట్టిన పటికబెల్లం పొట్లంలో పెట్టి ఆ రైతు చేతికిచ్చాను.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టినట్టే, చావు కబురు రాసిన కార్డుకు మూల చింపి పంపేవాళ్లు. ఆ చిరుగు చూస్తే చాలు, చదవక ముందే ఏడుపు మొదలయ్యేది. అలాంటి కార్డును నాయినమ్మ గడప దాటనిచ్చేది కాదు. బాపు వీధిలోనే నిలబడి చదివి, చింపేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఇదంతా నేను ఎన్నోసార్లు చూసిందే. అయినా ఆ కాగితం పంపేటప్పుడు ఒక్క క్షణం కూడా అది గుర్తుకు రాలేదు. నా దృష్టిలో ఆ చిరుగులు నేను గెలిచిన గుర్తులు.

తరవాత జరిగింది మా అత్త, అంటే మామయ్య భార్య, చెప్పగా తెలిసింది. ఆదివారం పొద్దున ఆ రైతు పొట్లం వాళ్ల అరుగు మీద పెట్టి, ఎద్దులు ఆగడం లేదని అలాగే పొలానికి పోయాడు. మామయ్య పక్క ఊరికి వెళ్లాడు. అమ్మ పొట్లం విప్పింది. పటికబెల్లం మీద అంచంతా చిరిగిన కాగితం. అత్తకు అక్షరాలు రావు గానీ అంకెలు తెలుసు. కాగితం తిప్పి చూస్తే పెద్ద తారీఖు ఉంది. ఆ తారీఖున ఎవరో పోయారని, ఆ రోజు కాగితమే చింపి పంపారని ఇద్దరికీ రూఢి అయిపోయింది. పంతులు కోసం పరుగెత్తితే ఆదివారమని ఆయన తన ఊరికి పోయాడు. అమ్మ ఇంకెవరి కోసమూ ఆగలేదు. చెల్లెల్ని ఎత్తుకుని, అత్తను వెంటబెట్టుకుని రెండు మైళ్లు నడిచి, ఖమ్మం నుంచి వచ్చే బస్సెక్కింది.

మధ్యాహ్నం నేను పెరట్లో ఉప్పునీళ్ల బావి దగ్గర అంట్లకు నీళ్లు తోడుతున్నాను. నాయినమ్మ వీధి అరుగు మీద చేటలో కందిపప్పు ఏరుతోంది. రిక్షా ఆగిన చప్పుడు, వెంటనే ఏడుపు వినిపించాయి. అది అమ్మ గొంతు. చేద బావిలో వదిలేసి పరుగెత్తాను.

నేను వాకిట్లోకి వచ్చేసరికి అమ్మ అరుగు కింద మట్టిలో కూలబడి, నాయినమ్మ కాళ్లు పట్టుకుని గుండెలు అవిసేలా ఏడుస్తోంది. చేట తిరగబడి పప్పంతా చిందింది. నాయినమ్మకు మొదట ఏమీ అర్థం కాలేదు. అత్త వెక్కుతూ కొంగు ముడి విప్పి ఆ కాగితం చూపించగానే, నాయినమ్మ మొహం మారిపోయింది.

"నేనే పోయిన్ననుకున్నవా బిడ్డా?" అంది.

అమ్మ తలెత్తి నన్ను చూసింది. చూసి, ఒక్క ఉదుటున లేచి నన్ను పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. చుట్టుపక్కల వాళ్లంతా చేరారు. బాపు దుకాణం వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఎవరు పోయారో చెప్పమని అందరూ అంటుంటే కాగితం తీసుకుని పైకి చదివాడు.

"నల్లాకు నాలుగు బిందెలు పెట్టాలి. బియ్యం ఏరాలి..."

ఎవరో కిసుక్కుమన్నారు. బాపు మూడో పని దగ్గర ఆగి నా వైపు చూశాడు. ఆయన కొట్టే మనిషి కాదు, అయినా నేను అమ్మ వెనక్కి జరిగాను.

"లేవలేని మనిషిని ఎండల ఇంత దూరం గుంజుకొచ్చినవు. నీ సదువు తెచ్చిన తిప్పలిది. రేపటిసంది బడి లేదు, చీటీ లేదు" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. అప్పుడు నాయినమ్మ అరుగు మీద నుంచి గోడ పట్టుకుని లేచింది. ఎవరి సాయమూ లేకుండా ఆమె లేవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. అమ్మ దగ్గరికి నడిచి వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టింది.

"నా కడుపున పుట్టినోళ్లు కూడ నా కోసం ఇట్ల ఏడ్వరు" అంది. "పానం బాగలేక మంచంల పడ్డ పిల్ల, నేను పోయిన్ననుకోని కాళ్లీడ్సుకుంట వచ్చింది. దీని బిడ్డె సదువు నేను బంద్ పెట్టిస్తనా? పోరి బడికి పోతది. ఇంటి పని నేను సూస్త."

"నీ మోకాళ్లు..." అన్నాడు బాపు.

"నా మోకాళ్ల సంగతి నీకెందుకు? దుకాణం కాడ ఎవ్వరు లేరు, నడువ్" అంది.

అమ్మను మళ్లీ పుట్టింటికి పంపలేదు. నాయినమ్మ తనే పత్యం వండి పెట్టింది. మంచం దిగబోతే కసిరేది. పొద్దున నేను తారీఖు కాగితం చించి, వెనక పనులు రాసి, ఒకసారి చదివి వినిపించి బడికి పోయేదాన్ని. ఆమె వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుని, వరస తప్పకుండా తిరిగి ఒప్పజెప్పేది. చింపడం మాత్రం ఇక ఆ ఇంట్లో బంద్. పని కాగానే దాని పక్కన వేలితో పసుపు బొట్టు పెట్టేది. సాయంత్రం వచ్చేసరికి కాగితం నిండా పసుపు చుక్కలు. ఎప్పుడైనా ఒక చుక్క తక్కువైతే నన్ను చూసి మొహం తిప్పుకునేది. నేనేమీ అనేదాన్ని కాదు, గడప మీద కూర్చుని ఒకసారి అడిగి ఊరుకునేదాన్ని. ఆమె నన్ను అడిగిన రోజులు నేను మరిచిపోలేదు మరి.

అమ్మకు బాగయ్యాక కూడా నాయినమ్మ పని మానలేదు. కూర్చుని చేసే పనులన్నీ తనవే అంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు వలిచేవారు. ఏదో చెప్పుకుని నవ్వుకునేవారు. ఇంటికి ఎవరొచ్చినా నాయినమ్మ ఆ రోజు సంగతి మొదలుపెట్టేది. "నా కోడలు నా కోసం ఎట్ల ఏడ్చిందనుకున్నవ్" అని వచ్చిన వాళ్ల భుజం తట్టి మరీ చెప్పేది. అమ్మ తల వంచుకుని వినేది. సిగ్గు అనుకునేదాన్ని.

నేను మెట్రిక్ పాసై, ట్రైనింగ్ అయి, హన్మకొండలో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. ఆ ఏడాదే నాయినమ్మ పోయింది. కర్మలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ ఆ అరుగు మీదే కూర్చుని పప్పు ఏరుతున్నాం. నాయినమ్మ చెప్పే కథ గుర్తొచ్చి, నేనే నవ్వుతూ ఎత్తాను. ఆమె కోసం నువ్వు ఏడ్చిన ఏడుపు వల్లే కదమ్మా నా చదువు నిలబడింది, అన్నాను.

అమ్మ చేట కింద పెట్టింది.

"బస్సుల కూసున్నసంది దేవునికి మొక్కుకున్న బిడ్డా" అంది. "పోయింది ముసలామెనే కావాలె అని మొక్కిన. ఇంకెవ్వలు కావద్దు, ఆమెనే కావాలె అని. రిక్షా దిగి సూద్దును గద, ఆమె నిమ్మలంగ కూసోని పప్పు ఏరుకుంటాంది. నా పానం ఆడనే పోయింది. ఆమె ఉన్నది, కొడుకు పోతే అట్ల కూసోదు, ఇగ పోయింది నువ్వే అనుకున్న. ఆ కాళ్లు పట్టుకోని ఏడ్చింది నీ కోసమే."

మరి ఆమెకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఆమె నా తల మీద చెయ్యి పెట్టి నీ బడి సంగతి మాట్లాడుతాంది. అప్పుడెట్ల చెప్త? తర్వాతేమో రోజురోజుకు నాకు అన్నం కలిపి పెట్టవట్టె. ఇంకెట్ల చెప్త?"

అన్నేళ్లూ ఆ కథ విన్నప్పుడల్లా అమ్మ తల ఎందుకు వంచుకునేదో అప్పుడు తెలిసింది. అమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రెండు రాళ్లు ఏరి పక్కన పడేసింది.

"మొన్న పోయిన నాడు మాత్రం ఆమె కోసమే ఏడ్చిన" అంది.